బీరాన్ మాస్టారి వేడి

బీరాన్ మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. చల్లటి ఒంటితో మనిషన్నవాడు ఏ పనీ చెయ్యకూడదంటారు. బంతి తన్నడమే కాదు, బస్సెక్కడం, బావిలో నీళ్ళు తోడడం, చివరికి పెళ్ళి చేసుకోవడం, ఏదైనా సరే ముందు ఒళ్ళు వేడెక్కాలి, ఆ తర్వాతే పని. వాళ్ళ ఊరు కరింపాడంలో ఎవరైనా ఎదురుపడితే మిగతావాళ్ళు "బాగున్నావా" అని అడుగుతారు. మాస్టారు "వేడెక్కావా" అని అడుగుతారు.

పెళ్ళి అన్నది ఊరికే అన్నమాట కాదు. ఆయన మేనల్లుడి నిఖా రోజున ఖాజీగారి ఎదురుగా పెళ్ళికొడుకూ పిల్ల తండ్రీ చెయ్యీ చెయ్యీ కలపబోతుంటే, వెనక వరసలోంచి మాస్టారు లేచి ఆగమన్నారు. పిల్లవైపువాళ్ళ గుండెలు గుభేలుమన్నాయి. ఏ పాత గొడవ బయటికి తీస్తాడో అని పందిరంతా ఊపిరి బిగబట్టింది. మాస్టారు తాపీగా, ఇద్దరూ పొద్దుట్నించీ కుర్చీలకే అతుక్కుని ఉన్నారు, ముందు మణికట్లు తిప్పండి అన్నారు. వాదన పెరిగితే లోపల బిర్యానీ చల్లారుతుందన్న సంగతి ఖాజీగారికి తెలుసు. కానివ్వండి అన్నారు. మామా అల్లుళ్ళు సభ మధ్యలో ఇటు పదీ అటు పదీ మణికట్లు తిప్పి, అప్పుడు చేతులు కలిపారు. ఆ కాపురంలో ఇంతవరకూ మాట తేడా రాలేదనీ, అదంతా వేడి మహిమేననీ మాస్టారు ఇప్పటికీ చెబుతుంటారు.

కొబ్బరికాయలు దింపే వేలాయుధన్ది ఇంకో కథ. చెట్టెక్కబోతున్నవాణ్ణి పట్టుకుని మాస్టారు గుంజీలు తీయించారు, భుజాలు తిప్పించారు, పెరడు చుట్టూ పరిగెత్తించారు. అన్నీ అయ్యాక ఇప్పుడెక్కు అన్నారు. వేలాయుధన్ చెట్టువంక ఒకసారి, తన కాళ్ళవంక ఒకసారి చూసుకుని, ఇంటికెళ్ళి పడుకున్నాడు. మాస్టారి ఇంట్లో ఆ వారమంతా కొబ్బరి లేని కూరలే.

బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి దిగిపోయాక ఆయన ఊరి ఫుట్‌బాల్ జట్టు యువధారకి ఒళ్ళు చూసే మనిషి అయ్యారు. మలప్పురం వైపు కోతలైపోయి మడులు ఎండగానే జట్టుకి ఏడుగురి ఆట మొదలవుతుంది. పోకమానులు కట్టి గ్యాలరీ లేపుతారు. ఇక వానలు పడేదాకా రోజూ సాయంత్రం ఏదో ఒక ఊళ్ళో ఆటే. నేల రాయిలా ఉంటుంది. తన్నులు బంతికెన్ని తగులుతాయో కాళ్ళకీ అన్నే తగులుతాయి. అలాంటి చోట మాస్టారి పిచ్చికి చేతినిండా పని.

ఆయన లెక్కలో ఆటకి ముందు వేడి, దెబ్బ తగిలాక చలి. ఊళ్ళో అంతా దానికి తిరగబడిన లెక్క. ఆటకి ముందు సోడా తాగి కూర్చుంటారు, కాలు బెణికితే మరిగే నూనె పోసి రుద్దుతారు. తాజా బెణుకు మీద ఎవరైనా నూనె గిన్నె పట్టుకొస్తే మాస్టారు ఆ గిన్నె లాక్కుని పారబోసేవారు. దానికి బదులు మంచుగడ్డ కట్టేవారు. ఆ మంచు చేపల బజారు నుంచి వచ్చేది. దానికి సార్డీన్ చేప వాసన వచ్చేది. అందుచేత యువధార ఆటగాడెవడికైనా చిన్నా చితకా దెబ్బ తగిలిందా లేదా అని ఆటగాణ్ణి అడగక్కర్లేదు. వాడి వెనక ఎన్ని పిల్లులు నడుస్తున్నాయో చూస్తే చాలు.

ఇదంతా చూసి ఊరు నవ్వేది. నవ్వని మనిషి ఒక్కడే ఉన్నాడు, హంసా. అతనికి నవ్వే ఓపిక కూడా లేదు.

హంసా యువధారకి స్టాపర్. గోలు ముందు గోడలా నిలబడేవాడు. పగలంతా ఆటోరిక్షా నడిపి, సాయంత్రం జీపెక్కి ఆటకి వెళ్ళి, తిరిగొచ్చి చల్లారిన పత్తిరి రొట్టెలు తిని పడుకునేవాడు. జట్టులో చిన్నవాళ్ళందరికీ అతను ఇక్కా, అంటే అన్న. ఆ పిలుపు మొదట్లో బాగుండేది. ఈమధ్య అది వింటే వయసు లెక్కపెట్టినట్టుండేది. ఏళ్ళ తరబడి అతన్ని దాటి బంతి పోలేదని జనం చెప్పుకునేవారు. అతని ఒంట్లోంచి ఏమేం పోయిందో మాత్రం అతనికే తెలుసు.

ఆ ఏడాది ఆటలు సగం అయ్యేసరికి, ఒక ఊళ్ళో బంతి కోసం తిరిగినప్పుడు కుడి మోకాలు ఒకవైపూ ఒళ్ళు ఇంకోవైపూ తిరిగాయి. లోపల ఏదో కలుక్కుమంది. అతను లేచి, నిక్కరు దులుపుకుని, నవ్వుతూ ఆట పూర్తి చేశాడు. పొద్దున లేచేసరికి మోకాలు పనసకాయంత అయింది. భార్య రుఖియాకి కూడా చెప్పలేదు. ఆమెకి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"ఆటో ఎక్కేటప్పుడు అల్లా అంటున్నావు, దిగేటప్పుడు ఉమ్మా అని అమ్మని పిలుస్తున్నావు. ఇంతకీ నొప్పి ఎక్కడ?" అని అడిగింది.

ఎక్కడా లేదన్నాడు. అలా అనడానికి కారణం ఉంది. యువధార మేనేజరు సైతలవి హాజీకి కలప అడితి ఉంది, గొంతు ఉంది, కప్పు మీద ఆశ ఉంది. చెడ్డవాడు కాదు. జట్టు ఓడితే తువ్వాలు మొహాన కప్పుకుని ఏడ్చే మనిషి. కానీ కుంటి ఎద్దుని కాడికి కట్టను అనేది ఆయన మాట. ఎవడికైనా పెద్ద దెబ్బ తగిలిందని తెలిస్తే మర్నాటికే వాడి చోట్లోకి ఇంకొకణ్ణి తెచ్చేవాడు. ఒకసారి పోయిన చోటు మళ్ళీ దొరికేది కాదు. అందుకని అందరూ దాచుకునేవారు. నొప్పి తెలియకుండా సూది వేయించుకుని మరీ ఆడేవారు. అలా ఆడిన కోయా అనే, మైదానం అంచున పరిగెత్తే వింగర్ కుర్రాడొకడు, ఒకప్పుడు గాలికి దారి చూపించినవాడు, ఇప్పుడు మైదానం గేటు దగ్గర చంకకింద కర్ర పెట్టుకుని లాటరీ టిక్కెట్లు అమ్ముతున్నాడు. హంసా రోజూ అతని పక్కనుంచే లోపలికి వెళ్ళేవాడు. అటు చూసేవాడు కాదు.

మోకాలు పనసకాయ అయిన మరుసటి సాయంత్రం, జీపు దిగుతుండగా మాస్టారు అతన్ని చూశారు. చూడ్డం అంటే దిగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి రెండు కాళ్ళూ నేలకి ఆనేదాకా చూశారు. అందరూ ఒళ్ళు వేడెక్కించడం అయ్యాక, జట్టు లోపలికి వెళ్తుండగా హంసా భుజం మీద చెయ్యివేసి ఆపారు.

"నువ్వు చల్లగా ఉన్నావు. ఇంకా వేడెక్కలేదు" అన్నారు.

హంసా ఒళ్ళంతా చెమట. అదే చెప్పాడు. చెమట వేరు, వేడి వేరు అన్నారు మాస్టారు. అతని చోట్లో ఒక కుర్రాణ్ణి దింపి, హంసాని గ్యాలరీ వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళి, వీపు గోడకి ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోమన్నారు. ఆట మొత్తం అయ్యేదాకా అదే వేడి. కాసేపు కూర్చోవడం, కాసేపు నిలబడ్డం, కాలు చాపి తొడ బిగించి పట్టుకోవడం, మళ్ళీ కూర్చోవడం. పోకమానుల సందుల్లోంచి జనం తలలు పెట్టి చూశారు. ఇక్కా, కుర్చీ తెప్పించమంటావా అని ఒకడు అడిగాడు. ఇంకొకడు వేరుశనగలు ఇచ్చాడు. హంసా తిన్నాడు. అలిసిపోయినవాడికి అవమానం కూడా ఆకలిగానే ఉంటుంది.

ఆ రోజు ఎలాగో గెలిచారు. తర్వాతి ఆటలోనూ మాస్టారు అదే మాట అన్నారు. ఆ తర్వాత ఆటలోనూ అదే. హాజీ మండిపడ్డాడు. ఊళ్ళోకెల్లా గట్టి స్టాపర్‌ని గోడకి బల్లిలా అతికించావేమిటని అడిగాడు. చల్లటి ఇనుము వంచితే విరుగుతుంది హాజీ, నన్ను వేడెక్కించనియ్ అన్నారు మాస్టారు. ఈయన పిచ్చి ముదిరింది, వచ్చే ఏడాది మార్చెయ్యాలి అని హాజీ అందరి ముందే అన్నాడు. మాస్టారు ఆ మాట విననట్టు పంపు దగ్గర కాళ్ళు కడుక్కున్నారు.

హంసాకి మాత్రం లోపల ఉడుకుతోంది. తన రోజులు అయిపోయాయని చెప్పడానికి ముసలాయనకి నోరు రాక ఈ నాటకం ఆడుతున్నాడనుకున్నాడు. అయిపోయినవాణ్ణి అయిపోయావని చెప్పేస్తే ఇంటికెళ్ళి నిద్రపోతాడు కదా. నిద్రపోవాలని అతనికి ఎన్నాళ్ళుగానో ఉంది.

అసలు సంగతి చెప్పింది బావ. మన వరసల్లో బావ కాదు. ఘనా దేశం నుంచి వచ్చి యువధారకి ముందువరసలో ఆడుతున్న క్వాబెనా. ఆ పేరు నోరు తిరక్క ఊరు దాన్ని బావ చేసింది, మలప్పురం వైపు మగపిల్లల్ని ముద్దుగా పిలిచే పేరది. అతనికి ఊరి భాష మొత్తం చేపల బజార్లోనే వచ్చింది కాబట్టి ఏం మాట్లాడినా బేరం ఆడుతున్నట్టుండేది. ఒక ఉదయం మంచు తీసుకుని హంసా ఆటోలో వస్తూ, హంసా సణుగుతుంటే విని విని, చివరికి బావ అన్నాడు:

"ఇక్కా, నీకు బుర్ర ఏ రేటుకిచ్చారు? పోయినేడు నా చీలమండ చీలిపోయినప్పుడు మాస్టారు నన్ను మైదానం గీత పక్కన పరిగెత్తించాడని ఊరంతా నవ్వింది, గుర్తుందా? ఎక్కడ పరిగెత్తాను? నిలబడి చేతులూపమన్నాడు. దూరం నుంచి చూస్తే పరిగెత్తినట్టు ఉండాలన్నాడు. ఉంది. ఆ కాలు అతికేదాకా ఊపాను. నాకు దెబ్బ తగిలిందని హాజీకి ఇప్పటికీ తెలీదు. తెలిస్తే నన్ను విమానం ఎక్కించేవాడు."

హంసా ఆటో పక్కకి తీసి ఆపాడు. గోడ కుర్చీ గుర్తొచ్చింది. మొదట్లో ఆ కుర్చీలో కూర్చుంటే తొడ వణికేది, ఇప్పుడు వణకడం లేదు. మోకాలు వాపు తగ్గి ఎన్ని రోజులైందో చూసుకోనే లేదు. రోజూ మాస్టారు ఇంటికి పంపే మంచు, ఎత్తు దిండు మీద కాలు పెట్టి పడుకో, వేడెక్కడానికి అదే మందు అని చెప్పించడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. వేడెక్కడానికి మంచేమిటని ఒక్కసారి కూడా అడగలేదు. పిచ్చాయన అనుకున్నాక ఎవరు అడుగుతారు.

జట్టులో ఇంకెవరెవరు చల్లగా ఉన్నారని అడిగాడు. గోల్‌కీపరుకి పోయినేడు భుజం అనీ, షిబిలికి ఇప్పుడు తొడ వెనక కండ అనీ బావ వేళ్ళు మడిచాడు. హంసా వెనక్కి తిరిగి మంచు పెట్టె మూత సరిచేశాడు. రెండు పిల్లులు వచ్చి ఆటో ఎదురుగా కూర్చున్నాయి.

ఆ సాయంత్రం ఆట లేదు. అలవి టీకొట్టులో బల్లల నిండా జనం. ఎప్పటిలాగే మాస్టారి మీద జోకులు నడుస్తున్నాయి. వేడెక్కలేదని మాస్టారు మసీదు దగ్గర మేకని కూడా పరిగెత్తించాడట అని ఒకడు అంటే అందరూ పొట్ట పట్టుకున్నారు. హంసా సులైమాని టీ గ్లాసు కింద పెట్టాడు. మాట్లాడే అలవాటు లేని మనిషి, మొత్తం చెప్పేశాడు. తన మోకాలు, బావ చీలమండ, కీపరు భుజం, అన్నీ. మీరంతా నవ్వుతుంటే ఆయన ఆ నవ్వులన్నీ తన నెత్తినేసుకుని మా కాళ్ళు కాపాడాడు అన్నాడు. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. హంసా చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఇంటికెళ్ళి, పడుకోగానే నిద్రపోయాడు.

తెల్లారి మాస్టారు వీధిలోకి వస్తే ఎవ్వరూ నవ్వలేదు. కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. టీకి డబ్బులు వద్దన్నాడు అలవి. వేడెక్కావా అని అడిగితే ఒక కాలేజీ కుర్రాడు ఎక్కానండీ అని వినయంగా చేతులు కట్టుకున్నాడు. మాస్టారికి అనుమానం వచ్చింది. విషయం తెలిసేసరికి మొహం నల్లబడింది. నేరుగా ఆటోస్టాండుకి వెళ్ళారు. హంసా ఎదురొచ్చి, సిగ్గుగా నవ్వుతూ, ఆయన చేతులు పట్టుకోబోయాడు. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నారు.

"ఎవడు చెప్పమన్నాడు నిన్ను? నన్ను మంచివాణ్ణి చెయ్యమని నిన్ను అడిగానా?"

హంసా చాచిన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"మోకాలు పోయిందని తెలిస్తే నీ చోటు పోతుంది. మాస్టారికి పిచ్చి అంటే ఎవరి చోటూ పోదు. ఈ పిచ్చి సంపాదించడానికి నాకు సగం జీవితం పట్టింది, హంసా. పెళ్ళిపందిట్లో మణికట్లు తిప్పించానంటే నాకేం సరదానా? ఊరు నమ్మాలంటే అన్నిచోట్లా చెయ్యాలి. నువ్వు ఒక్క సాయంత్రంలో తుడిచిపెట్టేశావు. హాజీ ఇవాళ అందర్నీ కూర్చుని లేవమంటాడట. షిబిలి ఎలా లేస్తాడు? వాడి కండ ఇంకా అతకలేదు. లేచాడంటే పూర్తిగా తెగుతుంది."

అంత పొడుగు మాట ఆయన నోట హంసా ఎప్పుడూ వినలేదు. ఆయన కళ్ళకింద నల్లటి చారలు ఇంతకుముందు చూడలేదు. ఊరికి పిచ్చివాడుగా ఉండడం కూడా రోజంతా మొయ్యాల్సిన బరువేనని అప్పుడు అనిపించింది. తప్పయిపోయింది మాస్టారూ, నేనే చూసుకుంటాను అన్నాడు. నువ్వేం చూస్తావు, ముందు ఆటో దిగేటప్పుడు ఎడమకాలు పెట్టు అని మాస్టారు వెళ్ళిపోయారు.

హంసా బావని వెంటబెట్టుకుని అలవి కొట్టుకి వెళ్ళాడు. హాజీ అక్కడే ఉన్నాడు, బియ్యప్పిండి పుట్టు అరటిపండుతో పిసుక్కుని తింటున్నాడు. హంసా అందరికీ వినపడేలా, నిన్న నేను చెప్పిందంతా అబద్ధం అన్నాడు. మాస్టారి మీద జాలేసి అల్లి చెప్పానన్నాడు. నా మోకాలికి ఏం కాలేదు, ఈ బావ చీలమండకీ ఏం కాలేదు, నిజం చెప్పాలంటే ఆయనకి పిచ్చి నిజంగానే ముదిరింది, ఇవాళ పొద్దున నా ఆటోని కూడా వేడెక్కించమన్నాడు, స్టాండు చుట్టూ తిప్పి హారన్ కొట్టి అప్పుడు బేరం ఎక్కించుకోమన్నాడు అన్నాడు. నాతో విమానం ఎక్కేముందు పైలట్‌కి గుంజీలు చెప్పమన్నాడు అని బావ సాక్ష్యం పలికాడు.

కొట్టులో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హాజీ పుట్టు మింగి పళ్ళెంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

"మోకాలికి ఏం కాలేదంటావు."

"లేదు హాజీ."

"అయితే కూర్చుని లే."

అంతా చుట్టూ చేరారు. హంసా లుంగీ పైకి మడిచాడు. మోకాలు తిరిగిన రోజు నుంచి అతను కింద కూర్చోలేదు. బాత్‌రూములో కూడా గోడ పట్టుకునేవాడు. నెమ్మదిగా వంగాడు. గోడ లేదు, దాని జ్ఞాపకం ఉంది. వీపు దానికే ఆనించినట్టు నిటారుగా పెట్టుకుని దిగాడు. మోకాలు లోపల చిన్నగా గీసినట్టయింది. తొడ దాన్ని పట్టుకుంది. మడమల మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు అలాగే, అలవీ, ఒక సులైమాని ఇటివ్వు, నిమ్మకాయ ఎక్కువ పిండు అన్నాడు. గ్లాసు అందుకుని, తొణక్కుండా లేచి నిలబడ్డాడు. చెమట మాత్రం వీపు మీద కాలవ కట్టింది, అది చొక్కా లోపల కాబట్టి సరిపోయింది.

హాజీ గడ్డం నిమురుకున్నాడు. ఇంకా నమ్మకం కుదరలేదు. ఆ సమయానికి మాస్టారు లోపలికి వచ్చారు. వచ్చి, ఎవరివంకా చూడకుండా, కుర్చీలోంచి లేవబోతున్న హాజీ భుజాలు పట్టి మళ్ళీ కూర్చోబెట్టారు.

"ఇంతసేపు కూర్చుని ఒక్కసారిగా లేస్తావా? చల్లగా ఉన్నావు. చీలమండలు తిప్పు."

"ఏమిటయ్యా ఇది?"

"తిప్పు హాజీ. ముందు కుడిది."

ఊరి పెద్ద, కలప అడితి యజమాని, రెండు కాళ్ళూ గాల్లోకి లేపి చీలమండలు తిప్పాడు. చెప్పు ఒకటి ఎగిరి బోండాల పళ్ళెంలో పడింది. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత కొట్టు మొత్తం బల్లలు చరుస్తూ నవ్వింది. నిన్న కళ్ళు తుడుచుకున్న ముసలాయన అందరికన్నా ఎక్కువ నవ్వాడు. ఈయన మనల్ని కాపాడేదేమిటి, ఈయన్నే ఎవరైనా కాపాడాలి అన్నాడు. అంతా అదే నిజమని ఒప్పుకున్నారు. మంచివాడని నమ్మడం కన్నా పిచ్చివాడని నమ్మడం అందరికీ తేలిక, ఎవరి పనీ ఆగదు. కూర్చుని లేవడాల సంగతి హాజీ మళ్ళీ ఎత్తలేదు. షిబిలి ఆ నెలంతా గీత పక్కన చేతులూపాడు.

నవ్వు నడుస్తుండగానే మాస్టారు హంసా పక్కకి జరిగి, కింద కూర్చునేటప్పుడు బరువంతా ఎడమకాలి మీద వేశావు, నేను చూడలేదనుకోకు, రేపు గోడ దగ్గరికి రా అని గొణిగి బయటికి నడిచారు. ఎన్నాళ్ళకో ఆయన మొహంలో నిమ్మళం కనిపించింది. గుమ్మం దగ్గర ఎవరో, మాస్టారూ, మా మేక వేడెక్కిందా అని అరిచారు. లేదు, రేపు తోలుకురా అన్నారు ఆయన, వెనక్కి తిరక్కుండానే.

హంసా ఆఖరి ఆటల్లో ఆడాడు, సగం సగం. కప్పు ఇంకో ఊరికి పోయింది. హాజీ తువ్వాలు కప్పుకుని ఏడ్చాడు. కళ్ళు తుడుచుకున్నాక, వచ్చే ఏడాది కూడా స్టాపర్ నువ్వేనని హంసాతో అన్నాడు.

హాజీ చెప్పు ఎగిరిన ఆ ఉదయం మాత్రం, అందరూ ఎవరి పనికి వాళ్ళు వెళ్ళాక, హంసా ఖాళీ గ్లాసు ఇవ్వడానికి వెనక్కి తిరిగాడు. అలవి పెద్ద పాల గిన్నె పొయ్యి మీదికి ఎత్తబోతున్నాడు. వంగినవాడు ఆగి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని, గబగబా రెండు మణికట్లూ తిప్పుకున్నాడు. నడుం ఒకసారి వెనక్కి విరిచాడు. అప్పుడు గిన్నె ఎత్తాడు.

హంసా గ్లాసు బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి వచ్చేశాడు.